కొత్త ఇంట్లో హీటింగ్, కూలింగ్ సరిగ్గా బిగించారో లేదో కొలిచి తేల్చుకోవడం ఎలా: అమెరికాలో ఇల్లు కట్టించుకునేవారికి సమగ్ర మార్గదర్శి

పోయిన వేసవిలో ఒక కొత్త ఇంటిని పరీక్షించడానికి వెళ్లాను. కింద హాల్లో థర్మోస్టాట్ 74 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. మేడ మీద పడమటి వైపు బెడ్‌రూమ్‌లో నా థర్మామీటర్ 81 దగ్గర ఆగింది. మెషిన్ కొత్తది, రేటింగ్ మంచిది, ఇల్లు ఇన్‌స్పెక్షన్ పాసైంది. ఇంటాయన ఆ గదిలో ఫ్యాన్ పెట్టుకుని, "ఇంకా పెద్ద ఏసీ వేయించమంటారా?" అని అడిగారు. అటిక్‌లోకి ఎక్కి చూస్తే ఆ గదికి గాలి తీసుకెళ్లే మెత్తటి గొట్టం, అంటే ఫ్లెక్స్ డక్ట్, ఒక చెక్క దూలం మీద మడతపడి, కాలి కింద పడ్డ నీళ్ల పైపులా నొక్కుకుపోయి ఉంది. ఫర్నేస్ దగ్గర గాలి ఒత్తిడి కొలిస్తే 0.92 అంగుళాలు వచ్చింది (ఈ ఒత్తిడిని నీటి మట్టం అంగుళాల్లో కొలుస్తారు). దాని లేబుల్ మీద 0.5 అని రాసి ఉంది.

ఆ ఇంటికి కావలసింది పెద్ద ఏసీ కాదు, గాలి వెళ్లే దారి. అది ఎవరూ కొలవలేదు, ఎందుకంటే అక్కడి కోడ్, అంటే ఇళ్ల నిర్మాణ నిబంధనలు, కొలవమని అడగలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే. ఎనర్జీ కోడ్ కొన్నింటిని గట్టిగా పరీక్షిస్తుంది, కొన్నింటిని బిగించేవాళ్ల మీద నమ్మకానికి వదిలేస్తుంది. ఆ వదిలేసినవాటిని మీరు కాంట్రాక్టులో రాయించుకోవాలి, మీ కళ్లముందు కొలిపించుకోవాలి.

ఇది చిన్న విషయమేమీ కాదు. అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్ 2014లో హీట్ పంపుల మీద ఒక అధ్యయనం వెలువరించింది. బిగింపులో లోపాలుంటే ఇంటిని వేడిగానో చల్లగానో ఉంచడానికి అయ్యే కరెంటు 30 శాతానికి పైగా పెరగవచ్చని అందులో తేలింది. ఎక్కువ రేటింగ్ మెషిన్ కోసం పెట్టిన అదనపు డబ్బంతా డక్ట్ చీలికల్లోంచి బయటికి పోయినట్టే.

ముందు ఏ కోడ్ వర్తిస్తుందో కనుక్కోండి

అమెరికా అంతటికీ ఒకటే కోడ్ లేదు. 1970ల నాటి చమురు సంక్షోభం తర్వాత, 1975లో యాష్రే అనే హీటింగ్, కూలింగ్ ఇంజనీర్ల సంస్థ భవనాల ఇంధన వాడకం మీద తన తొలి ప్రమాణాన్ని తెచ్చింది. కాలిఫోర్నియా 1978 నుంచి టైటిల్ 24 పేరుతో సొంత ప్రమాణాలు పాటిస్తోంది. మిగతా రాష్ట్రాల్లో చాలావరకు ఐఈసీసీ (ఇంటర్నేషనల్ ఎనర్జీ కన్సర్వేషన్ కోడ్) అనే మోడల్ కోడ్‌ను తీసుకుని, తమకు తగ్గట్టు మార్పులు చేసుకుంటాయి. దీనికి మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. అయితే ఒక రాష్ట్రం 2021 ఎడిషన్ మీద ఉంటే పక్క రాష్ట్రం 2015 దగ్గరే ఉండవచ్చు.

అందుకే మీ సిటీ లేదా కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఎడిషన్ అమల్లో ఉంది? స్థానికంగా ఏమైనా సవరణలు చేశారా? మా ఇల్లు ఏ క్లైమేట్ జోన్‌లోకి వస్తుంది? పర్మిట్ డ్రాయింగుల మొదటి పేజీ మీద కూడా ఎడిషన్ రాసి ఉంటుంది. కింద నేను చెప్పే కోడ్ అంకెలు 2012 నుంచి 2021 దాకా వచ్చిన ఐఈసీసీ ఎడిషన్లవి. మీ ఊళ్లో సవరణ ఉంటే దాని ప్రకారమే వెళ్లాలి.

కాగితం దశ: మెషిన్ సైజు ఎలా తేల్చారు?

చాలామంది కాంట్రాక్టర్లు ఇన్ని చదరపు అడుగులకు ఒక టన్ను అని నోటిలెక్క వేస్తారు. కోడ్ దాన్ని ఒప్పుకోదు. మాన్యువల్ జే ప్రకారం ఇంటి లోడ్ లెక్కగట్టాలి, ఆ లోడ్‌కి తగ్గ మెషిన్‌ను మాన్యువల్ ఎస్ ప్రకారం ఎంచుకోవాలి. డక్టుల కొలతలకు మాన్యువల్ డి ఉంది. ఈ మూడింటినీ ఏసీసీఏ అనే కాంట్రాక్టర్ల సంఘం తయారుచేసింది. పర్మిట్ రాకముందే మూడు రిపోర్టులూ పీడీఎఫ్‌లో అడిగి తీసుకోండి. "మీకు అర్థం కావండీ" అంటే, "పర్వాలేదు, పంపండి" అనండి.

మాన్యువల్ జే రిపోర్టులో అన్నీ చదవక్కర్లేదు. అంకెలు ఎక్కువగా పెంచేది కొన్ని చోట్లే, అవి చూస్తే చాలు. లోపలి ఉష్ణోగ్రత కూలింగ్‌కి 75 డిగ్రీలకు తగ్గకూడదు, హీటింగ్‌కి 72 దాటకూడదు. ఇది కోడ్‌లోనే ఉంది. ఎవరైనా కూలింగ్‌కి 70 అని పెడితే లోడ్ ఉత్తపుణ్యాన పెరిగిపోతుంది. బయటి డిజైన్ ఉష్ణోగ్రత మీ ఊరిదే ఉండాలి, ఎప్పుడో ఒక రోజు నమోదైన రికార్డు ఎండ కాదు. మనుషుల సంఖ్య బెడ్‌రూములకు ఒకటి కలిపితే వచ్చినంత చాలు, పండక్కి వచ్చే చుట్టాలను లెక్కలో వేయకూడదు. కిటికీల యూ-ఫ్యాక్టర్ (అద్దం గుండా వేడి ఎంత దాటుతుందో చెప్పేది), ఎండ రాబడి అంకెలు మీ ఇంట్లో నిజంగా పెడుతున్న కిటికీల స్టిక్కర్‌తో సరిపోవాలి. ఇంటి ముఖం ఏ దిక్కుకుందో కూడా చూడండి. బిల్డర్లు ఒకే ప్లాన్‌ను పది స్థలాల్లో కడుతూ ఒకే రిపోర్టును పదిసార్లు వాడుతుంటారు. పడమటికి తిరిగిన పెద్ద కిటికీల గదికీ, ఉత్తరానికి తిరిగిన అదే గదికీ లోడ్ ఒకటి కాదు.

ఇక మాన్యువల్ ఎస్. మామూలు ఒకే స్పీడ్ మెషిన్‌కి సామర్థ్యం కూలింగ్ లోడ్‌లో 115 శాతం దాటకూడదని గుర్తుపెట్టుకోండి. ఉదాహరణకు మీ లోడ్ గంటకు 26,000 బీటీయూ అనుకుందాం. పై హద్దు 29,900 దగ్గర పడుతుంది. ఒక టన్ను అంటే 12,000 బీటీయూ కాబట్టి, "ఎందుకైనా మంచిది" అని మూడు టన్నులు పెడితే అది 36,000, అంటే 38 శాతం ఎక్కువ. అది గదిని చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ మీద తేమ కారి పోయేంతసేపు నడవదు. దాంతో ఇల్లు చల్లగానే ఉంటుంది, కానీ ఒళ్లు జిగటగా ఉంటుంది. ఈ ఫిర్యాదు విన్నప్పుడల్లా నేను మొదట అడిగేది మెషిన్ సైజు గురించే.

బయటి యూనిట్, లోపలి కాయిల్ కలిపి ఒక జతగా రేటింగ్ పొందాలి. ఆ జతకు ఏహెచ్ఆర్ఐ అనే తయారీదారుల సంఘం ఇచ్చే సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది. కొటేషన్‌లో ఆ నంబర్ రాయించండి, మెషిన్లు దిగిన రోజు మోడల్ నంబర్లు పోల్చి చూడండి. 2023 జనవరి నుంచి వాడుకలోకి వచ్చిన సీర్2 అనే కూలింగ్ పొదుపు రేటింగ్ 0.5 అంగుళాల గాలి ఒత్తిడి దగ్గర చేసిన పరీక్షది. మీ డక్టుల్లో ఒత్తిడి అంతకు రెట్టింపు ఉంటే, స్టిక్కర్ మీద ఉన్న అంకె మీ ఇంటికి వర్తించదు.

కాంట్రాక్టులో రాయించాల్సినవి

కోడ్ అడిగేవి: సైజు లెక్క, డక్ట్ లీకేజీ, ఇంటి గాలి లీకేజీ, ఇన్సులేషన్, థర్మోస్టాట్. ఐఈసీసీ మామూలు ఇళ్లలో కొలిచి చూపమని అడగనివి: ఫ్యాన్ నిజంగా ఎంత గాలి తోస్తోంది, స్టాటిక్ ప్రెజర్ (డక్టుల్లో గాలి ఒత్తిడి) ఎంత, రిఫ్రిజెరెంట్ (మెషిన్‌లో తిరిగే చల్లబరిచే గ్యాస్) సరిగ్గా ఉందా, ఒక్కో గదికి ఎంత గాలి అందుతోంది. కాలిఫోర్నియాలో మాత్రం డక్టులున్న కూలింగ్‌కి టన్నుకు కనీసం 350 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) గాలి వస్తోందని చూపించాలనే నియమం ఉంది. మిగతా చోట్ల మీరు అడిగితేనే.

కాబట్టి ఒప్పందంలో ఒక వాక్యం చేర్చమనండి: "బిగింపు ఆన్సీ-ఏసీసీఏ 5 క్వాలిటీ ఇన్‌స్టలేషన్ ప్రమాణం ప్రకారం జరగాలి, కొలతలు రాతపూర్వకంగా ఇవ్వాలి, చివరి చెల్లింపు ఆ తర్వాతే." బిగింపు ఎలా ఉండాలో ఆ ప్రమాణం చెబుతుంది. దాన్ని ఎలా నిరూపించాలో ఏసీసీఏ 9 చెబుతుంది. 2020లో వచ్చిన రెస్‌నెట్ 310 అనే మరో ప్రమాణం డిజైన్ పరిశీలన, డక్ట్ లీకేజీ, గాలి ప్రవాహం, ఫ్యాన్ తినే కరెంటు, రిఫ్రిజెరెంట్ అనే ఐదింటినీ వరుసగా చూసి గ్రేడ్ ఇస్తుంది. దాని ప్రకారం చేసే రేటర్, అంటే ఇళ్లను పరీక్షించి రేటింగ్ ఇచ్చే నిపుణుడు, దొరికితే ఇంకా మంచిది. బిగించినవాళ్లే పరీక్ష కూడా చేసుకోవడం కంటే బయటివాళ్లు చేయడం మేలని నా గట్టి అభిప్రాయం.

డ్రైవాల్ మూసేలోపు: అన్నిటికంటే విలువైన రోజు

ఒక్క రోజే సెలవు పెట్టగలిగితే ఈ రోజు పెట్టండి. గోడలు మూసేశాక తప్పు కనబడదు, కనబడినా సరిచేయడానికి గోడ పగలగొట్టాలి. టార్చ్‌లైట్, టేపు, ఫోన్ తీసుకెళ్లండి.

మొదట కీళ్లు చూడండి. డక్టు డక్టుకి కలిసేచోట, మలుపుల దగ్గర, డక్టు నేలలోకో సీలింగ్‌లోకో దిగేచోట ఉండే రేకు పెట్టెల (బూట్ల) దగ్గర మాస్టిక్ అనే చిక్కటి బూడిదరంగు లేదా తెల్లటి పూత ఉండాలి. అది లేకపోతే యూఎల్ 181 గుర్తున్న టేపు ఉండాలి. మామూలు గుడ్డ డక్ట్ టేపు పేరుకే డక్ట్ టేపు. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో రకరకాల సీలెంట్లను వేడిలో పరీక్షించినప్పుడు నిలబడలేకపోయింది అదే. మాస్టిక్ రాసిన కీలు మీద వేలితో తడిమి చూడండి. సందు నిండేంత మందంగా తగలాలి, పెయింట్‌లా పలచగా కాదు.

తర్వాత ఫ్లెక్స్ డక్టులు. లోపల స్ప్రింగు లాంటి తీగ ఉండే ఈ గొట్టాన్ని పూర్తిగా సాగదీసి బిగించాలి. వదులుగా వదిలేస్తే లోపలి పొర ముడతలు పడి గాలిని ఆపేస్తుంది. సుమారు నాలుగడుగులకొక ఆధారం ఉండాలి, రెండు ఆధారాల మధ్య కుంగుదల అడుగుకి అర అంగుళం దాటకూడదు. వేలాడదీసే పట్టీ సన్నగా ఉండి గొట్టాన్ని కోసుకుపోతుంటే వెడల్పు పట్టీ వేయమనండి. దూలాల మీద మడతపడ్డ ప్రతి మలుపునీ ఫొటో తీయండి. వ్యాసం మొదట్లో చెప్పిన పడమటి గది సమస్యను ఈ దశలో పది నిమిషాల్లో సరిచేసేవారు.

గోడలోపలి ఖాళీనో, నేల కింద దూలాల మధ్య సందునో డక్టుగా వాడడం కుదరదు. కొత్త ఇళ్లలో కోడ్ దీన్ని నిషేధించింది. రిటర్న్ గాలి, అంటే గదుల నుంచి మెషిన్‌కి తిరిగి వెళ్లే గాలి, కోసం ఇలాంటి అడ్డదారి ఇంకా కనిపిస్తుంటుంది, కాబట్టి రిటర్న్ గ్రిల్ వెనక ఏముందో టార్చ్ వేసి చూడండి. రేకు కనిపించాలి. చెక్క, జిప్సమ్ బోర్డు కనిపిస్తే ఆపించండి.

అటిక్‌లో మూడు అంగుళాలు, అంతకు మించిన డక్టులకు ఆర్-8 ఇన్సులేషన్ ఉండాలి (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడిని అంత బాగా ఆపుతుంది). ఆ అంకె పై తొడుగు మీదే అచ్చువేసి ఉంటుంది. బయటి యూనిట్ నుంచి వచ్చే చల్లటి రాగి గొట్టానికి కనీసం ఆర్-3 తొడుగు, మధ్యలో ఖాళీల్లేకుండా ఉండాలి. అటిక్‌లో యూనిట్ పెడితే కింద రెండో ట్రే, నీళ్లు నిండితే మెషిన్ ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉన్నాయో లేదో చూడండి. అది లేక సీలింగ్ కూలిన ఇళ్లు చూశాను.

బెడ్‌రూమ్ తలుపు మూసుకుంటే గాలి వెనక్కి ఎటు పోతుందో కూడా ఇప్పుడే అడగాలి. సొంత రిటర్న్ కానీ, గోడకు పైన గ్రిల్ కానీ, గది నుంచి హాలుకి సీలింగ్ పైనుంచి వెళ్లే జంప్ డక్ట్ కానీ ఉండాలి. తలుపు కింది సందు ఒక్కటే చాలదు. తలుపులన్నీ మూసి, ఫ్యాన్ ఆన్ చేసి కొలిస్తే గదికీ హాలుకీ మధ్య ఒత్తిడి తేడా 3 పాస్కల్స్ లోపు ఉండడం మంచి లక్ష్యం.

డక్ట్ లీకేజీ పరీక్ష ఇప్పుడే చేయించుకోవచ్చు. గదుల్లోకి గాలి వచ్చే జాలీలు, అంటే రిజిస్టర్లన్నీ మూసి, చిన్న ఫ్యాన్‌తో డక్టుల్లో 25 పాస్కల్స్ ఒత్తిడి పెట్టి, ఎంత గాలి కారుతోందో చూస్తారు. హద్దు ప్రతి 100 చదరపు అడుగులకు 4 సీఎఫ్ఎం. ఎయిర్ హ్యాండ్లర్ (ఫ్యాన్ ఉండే లోపలి యూనిట్) ఇంకా బిగించకపోతే 3. మీది 2,400 చదరపు అడుగుల ఇల్లయితే 4 చొప్పున 96 సీఎఫ్ఎం. డక్టులన్నీ ఇంటి ఇన్సులేషన్ లోపలే ఉంటే పాత ఎడిషన్లలో పరీక్ష అక్కర్లేదు. 2021 ఎడిషన్ మాత్రం వాటికీ పరీక్ష పెట్టి, 8 దాకా వెసులుబాటు ఇచ్చింది. ఈ దశలో చేయిస్తే లాభం ఏమిటంటే, లీకు ఎక్కడుందో చేయి పెట్టి వెతికి అప్పటికప్పుడు పూత వేయించవచ్చు.

ఇల్లు పూర్తయ్యాక కొలతలు

బ్లోవర్ డోర్ పరీక్ష గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఇది బాగా అలవాటైపోయింది. బయటి తలుపులో పెద్ద ఫ్యాన్ బిగించి, 50 పాస్కల్స్ దగ్గర గంటకు ఇంటి గాలి ఎన్నిసార్లు మారుతోందో చూస్తారు. క్లైమేట్ జోన్ 1, 2లలో 5, మిగతా జోన్లలో 3 హద్దు. ఇల్లు ఇంత బిగుతుగా ఉన్నప్పుడు తాజా గాలి కోసం వెంటిలేషన్ ఫ్యాన్ తప్పనిసరి. దాని గాలిని కూడా కొలవమనండి. సప్లై గ్రిల్ దగ్గర టిష్యూ కాగితం పెట్టి ఊగిందని చూపిస్తే సరిపోదు.

అసలు పని ఫర్నేస్ దగ్గర ఉంది. టోటల్ ఎక్స్‌టర్నల్ స్టాటిక్ ప్రెజర్ అంటే మెషిన్ బయట ఉన్న డక్టులు, ఫిల్టర్, గ్రిల్స్ అన్నీ కలిసి ఫ్యాన్‌కి ఎంత అడ్డం పడుతున్నాయో చెప్పే అంకె. మనిషికి రక్తపోటు ఎలాగో మెషిన్‌కి ఇది అలాగ. కొలవడానికి రెండు చిన్న రంధ్రాలు చాలు. ఒకటి ఫిల్టర్ దాటాక, ఫ్యాన్‌కి ముందు. రెండోది ఫ్యాన్ దాటాక. ఇక్కడ తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. గ్యాస్ ఫర్నేస్ మీద విడిగా కూలింగ్ కాయిల్ ఉంటే, రెండో రంధ్రం ఫర్నేస్‌కీ కాయిల్‌కీ మధ్య ఉండాలి, ఎందుకంటే ఫర్నేస్‌కి కాయిల్ బయటి భారమే. కాయిల్ లోపలే ఉన్న ఎయిర్ హ్యాండ్లర్‌కి యూనిట్ దాటాక. డ్రిల్ కాయిల్‌కి తగలకుండా అనుభవమున్నవాళ్లే రంధ్రం వేయాలి.

కూలింగ్ పూర్తి స్పీడులో నడుస్తుండగా రిటర్న్ వైపు మైనస్ 0.38, సప్లై వైపు ప్లస్ 0.44 వచ్చాయనుకోండి. గుర్తులు వదిలేసి కలిపితే 0.82. తర్వాత ఫర్నేస్ తలుపు లోపల అంటించిన ఫ్యాన్ పట్టికలో ఆ ఒత్తిడికి, ఆ స్పీడుకి ఎన్ని సీఎఫ్ఎం అని చూడాలి. సాధారణంగా టన్నుకు 400 సీఎఫ్ఎం దగ్గర, తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో 350 దగ్గర డిజైన్ చేస్తారు. డిజైన్ అంకెకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే సరే. పట్టిక అంచనా మాత్రమే కాబట్టి, వీలుంటే ఫిల్టర్ స్థానంలో పెట్టే ఫ్లో గ్రిడ్‌తో నేరుగా కొలిపించండి. ఒత్తిడి ఎక్కువగా ఉంటే ఫిల్టర్‌కి ముందొకటి, వెనకొకటి కొలిచి తేడా చూడమనండి. మందపు ఫిల్టర్ గూడు లేక ఒక అంగుళం దట్టమైన ఫిల్టర్ పెట్టడమే చాలాసార్లు దోషి.

గాలి సరిచూశాకే రిఫ్రిజెరెంట్ దగ్గరకి వెళ్లాలి. ఈ వరుస మారితే కొలత మొత్తం తప్పుతుంది, ఎందుకంటే గాలి తక్కువైతే ఒత్తిళ్లు పడిపోయి గ్యాస్ తక్కువున్నట్టు కనిపిస్తుంది. ఈ పని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్‌దే, మీరు పక్కన నిలబడి అంకెలు అడగాలి. గ్యాస్ వదలకముందు లైన్లను 500 మైక్రాన్లకు (వాక్యూమ్ ఎంత లోతుగా ఉందో చెప్పే కొలత) దిగేదాకా వాక్యూమ్ చేశారా? పంపు ఆపాక అంకె నిలబడిందా? ఆ గేజ్‌కి ఫొటో ఉందా?

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ ఎంత వెళ్లాలో తనంతట తనే సర్దుకునేది) ఉన్న యూనిట్‌కి సబ్‌కూలింగ్ చూస్తారు. ఆర్-410ఏ వాడే మెషిన్‌లో లిక్విడ్ లైన్ ఒత్తిడి 340 పీఎస్ఐ ఉంటే ఆ ఒత్తిడికి మరిగే ఉష్ణోగ్రత సుమారు 105 డిగ్రీలు. అదే గొట్టానికి క్లాంపు పెడితే 95 వచ్చిందనుకుందాం. తేడా 10 డిగ్రీలు, అదే సబ్‌కూలింగ్. బయటి యూనిట్ లేబుల్ మీద కంపెనీ లక్ష్యం రాసి ఉంటుంది. దానికి 3 డిగ్రీల తేడా లోపల ఉండాలి. వాల్వ్ బదులు మారని రంధ్రం ఉన్న రకమైతే సూపర్‌హీట్ (తిరిగి వెళ్లే గ్యాస్ తన మరిగే ఉష్ణోగ్రత కంటే ఎంత వేడిగా ఉందో) కొలిచి 5 డిగ్రీల లోపల చూస్తారు. బయట 55 డిగ్రీలకు తక్కువ చలి ఉంటే ఈ పరీక్ష మామూలు పద్ధతిలో నమ్మదగినది కాదు. చలికాలంలో ఇల్లు తీసుకుంటే ఎండలు మొదలయ్యాక వచ్చి చేస్తామని రాయించుకోండి. 2025 నుంచి తయారయ్యే కొత్త మెషిన్లలో ఆర్-32, ఆర్-454బీ లాంటి గ్యాసులు వస్తున్నాయి. వాటికి స్వల్పంగా మండే గుణం ఉంది, అందువల్ల టెక్నీషియన్‌కి వాటి శిక్షణ ఉందో లేదో అడగండి.

గ్యాస్ ఫర్నేస్ ఉంటే టెంపరేచర్ రైజ్ చూడాలి. లోపలికి వెళ్లే గాలికీ, వేడెక్కి వచ్చే గాలికీ మధ్య తేడా లేబుల్ మీద రాసిన హద్దుల్లో ఉండాలి. హీట్ పంప్‌కి అదనపు కరెంటు హీటర్ ఉంటే, హీట్ పంప్ ఒక్కటే సరిపోయే చలిలో హీటర్ ఆన్ కాకూడదన్నది కోడ్ నియమం. థర్మోస్టాట్ సెటప్‌లో ఈ లాక్ పెట్టారో లేదో తెరిచి చూపించమనండి. ఇది పెట్టకపోవడం వల్ల మొదటి చలికాలం బిల్లు చూసి టెన్షన్ పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు.

అంకెలు కుదరకపోతే

సరిచేసే వరుస ఇది: ముందు డక్ట్ లీకులు, మడతలు. తర్వాత ఫిల్టర్, రిటర్న్ సైజు. ఆపైన ఫ్యాన్ స్పీడ్. చివరగా రిఫ్రిజెరెంట్. నేరుగా ఫ్యాన్ స్పీడ్ పెంచితే గాలి పెరగవచ్చు కానీ మోటారు మీద భారం, చప్పుడు, కరెంటు కూడా పెరుగుతాయి. ఒక్కో మార్పు తర్వాత మళ్లీ కొలవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కరెంటు ప్యానెల్ దగ్గరో, మెషిన్ దగ్గరో శాశ్వత ఎనర్జీ సర్టిఫికెట్ అంటించాలని కోడ్ చెబుతుంది. ఇన్సులేషన్, కిటికీలు, మెషిన్ రేటింగులు, డక్ట్, బ్లోవర్ డోర్ ఫలితాలు అందులో ఉంటాయి. ఖాళీ గళ్లు ఉంటే ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి. దాని పక్కనే కోడ్ అడగని అంకెలు కూడా రాయించండి: తేదీ, స్టాటిక్ ప్రెజర్, సీఎఫ్ఎం, సబ్‌కూలింగ్, ఆ రోజు బయటి ఉష్ణోగ్రత. ఐదేళ్ల తర్వాత ఎవరో వచ్చి "గ్యాస్ నింపాలండీ" అన్నప్పుడు పోల్చి చూడ్డానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

పడమటి గది ఇంట్లో మేం చేసింది ఇంతే. నొక్కుకుపోయిన గొట్టాన్ని తీసి, పొడవు తగ్గించి, సాగదీసి కొత్త దారిలో వేశారు. మేడ మీద ఇంకో రిటర్న్ పెట్టి, నాలుగు అంగుళాల ఫిల్టర్ గూడు బిగించారు. ఒత్తిడి 0.92 నుంచి 0.56కి దిగింది. అదే మెషిన్‌తో, అలాంటి ఎండలోనే, ఆ గది 76 దగ్గర నిలబడింది. ఇంటాయన ఆ రెండు ఒత్తిడి అంకెల్నీ తేదీలతో సహా ఫర్నేస్ తలుపు మీద నల్ల మార్కర్‌తో రాసుకున్నారు.